బంగారం అయిపోయాక ఊరు ఏం చేసింది?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మెల్‌బోర్న్ తెలుగువాళ్లు తీసుకెళ్లే చోట్లలో బల్లారట్‌లోని సావరిన్ హిల్ ఒకటి. 1850ల నాటి బంగారు వేట పట్టణాన్ని మళ్లీ కట్టి 1970లో తెరిచారు. వాగులో ఇసుక కడిగి రేణువులు వెతుక్కోవచ్చు, కరిగిన బంగారాన్ని అచ్చులో పోయడం చూడొచ్చు. పిల్లలకు భలే నచ్చుతుంది. కానీ చాలామంది అక్కణ్నుంచే కారు వెనక్కి తిప్పేస్తారు. అసలు చూడాల్సింది అదే వెస్టర్న్ హైవే మీద ఇంకో గంట, గంటుంపావు దూరంలో ఉంది.

ముందు అరారట్ వస్తుంది. 1855లో, మెల్‌బోర్న్, బల్లారట్ ఉన్న విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి ఓడలు పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవుకు మళ్లాయి. అక్కడ దిగిన 16,000 మందికి పైగా చైనీయులు వందల కిలోమీటర్లు నడిచి గనులకు చేరారు. అలా నడిచొస్తున్న ఒక గుంపుకు 1857లో దారిలోనే బంగారం దొరికింది. ఆ చోటే అరారట్. అక్కడి గమ్ శాన్ మ్యూజియం చెప్పే కథ ఇదే.

ఆ తర్వాత గ్రేట్ వెస్టర్న్ అనే చిన్న ఊరు. జోసెఫ్ బెస్ట్ 1865లో ఇక్కడ ద్రాక్ష నాటాడు. అప్పటికి పైపైన దొరికే బంగారం తగ్గిపోతోంది. పని లేని గని కార్మికులను పెట్టుకుని 1868 నుంచి వైన్ నిల్వకు భూమి కింద సొరంగాలు తవ్వించాడు. అవి తర్వాత పెరిగి సుమారు 3 కిలోమీటర్లకు చేరాయి. ఇన్నేళ్లుగా బంగారం కోసం రాయి కొట్టిన చేతులే ఆ గోడలను చెక్కాయి. జోసెఫ్ సోదరుడు హెన్రీ తోటలో 1868 నాటి తీగలు ఇంకా కాస్తున్నాయి. వాటిలో కొన్ని ఏ రకమో నేటికీ తేలలేదు. 1877లో గీలాంగ్ దగ్గర బయటపడిన ఫిలోక్సెరా పురుగు విక్టోరియాలో ఎన్నో తోటలను తినేసింది, ఈ ప్రాంతం మాత్రం బతికిపోయింది. అందుకే ఫొటో కోసమని తీగల మధ్యకు దిగకూడదు. మన బూట్ల మట్టితోనూ ఆ పురుగు రావచ్చు.

ప్రచారాల్లో బంగారం పిల్లలకు, వైన్ పెద్దలకు అన్నట్టు విడగొట్టి అమ్ముతున్నారు. దాంతో మందు ముట్టని మన కుటుంబాలు వైన్ ప్రాంతం మనకెందుకులే అని వదిలేస్తున్నాయి. ఆ సొరంగం చూడ్డానికి వైన్ తాగక్కర్లేదు. అది కూలీల చరిత్ర.

ఈ కథలో అతి తక్కువ చోటు దక్కింది ఈ నేల అసలు యజమానులైన జాబ్ వుర్రుంగ్ ప్రజలకే. బంగారానికి ముందే గొర్రెల మందల కోసం వాళ్లను తరిమేశారు. ఇదే హైవే వెడల్పు పనుల్లో తాము పవిత్రంగా చూసే చెట్లు పోకుండా 2018 నుంచి వాళ్లు శిబిరం వేసి కాపలా కాశారు. అయినా 2020 అక్టోబరులో ఒక పెద్ద చెట్టు కూలింది. గనులూ తోటలూ చూపించే టూర్‌లో ఈ మాట లేకపోతే అది సగం టూరే.

నాకు ఇదంతా ఎందుకు పట్టిందంటే కేజీఎఫ్, అంటే కోలార్ బంగారు గనుల వల్ల. చిత్తూరు సరిహద్దుకు ఆనుకునే ఉన్న ఆ గనుల్లో తెలుగు, తమిళ కుటుంబాలు తరాలుగా పనిచేశాయి. 3 కిలోమీటర్ల లోతుకు దిగిన మనుషులు వాళ్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఆ నైపుణ్యానికి ఎవరూ మరో పని చూపించలేదు. సైనైడ్ దిబ్బలు మిగిలాయి, ఎంతోమంది రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి పని చేసుకుంటున్నారు. ఆ గనుల్లోకి దిగే షాఫ్టుల్లో (నిలువు బావుల్లో) భద్రంగా ఉన్న ఒక్కదాన్నయినా తెరిచి, అందులో దిగినవాళ్లనే గైడ్లుగా పెట్టాలి. ఆ పని వాళ్లు బతికుండగానే జరగాలి.