బరువు టికెట్టు వెనక జాతకం

అమెరికాలో మాంటానా రాష్ట్రం, వర్జీనియా సిటీలో ఉన్న జాతకం చెప్పే ‘జిప్సీ’ యంత్రం గురించి మీరు రాసినందుకు థ్యాంక్స్. 1906 ప్రాంతంలో చికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ చేసిన బొమ్మ, నాణెం వేస్తే కళ్లు మెరిపించి, పళ్లు కదిలించి, గొట్టంలోంచి నోటితో జాతకం చెప్పేదంటే ఆశ్చర్యమే. ఆ కాలపు యంత్రాలు చాలావరకు అచ్చేసిన కార్డు ఇచ్చి ఊరుకునేవి. మెజీషియన్ డేవిడ్ కాపర్‌ఫీల్డ్ కొంటానన్నా అక్కడి ప్రభుత్వం అమ్మకపోవడం చాలా మంచి పని.

కానీ ‘మన దగ్గర ఇలాంటివి లేవు’ అని మీరు రాసిన మాట మాత్రం ఒప్పుకోలేను. రైల్వే ప్లాట్‌ఫారం మీద బరువు తూచే మెషిన్ మాటేమిటి? రంగురంగుల బల్బులు, అద్దం వెనక గిర్రున తిరిగే చక్రం. ఎక్కి నిలబడి, చక్రం ఆగేదాకా కదలకుండా ఉండి, అప్పుడు రూపాయి వేయాల్సి ఉండేది. లోపల టక్కుమని చప్పుడు, కింద గూట్లో చిన్న అట్ట టికెట్టు. ఒకవైపు బరువు, ఇంకోవైపు రెండు ముక్కల జాతకం, కొన్నిటి మీద సినిమా తార బొమ్మ కూడా.

విజయవాడ స్టేషన్లో మా అమ్మ బరువు వైపు చూసేదే కాదు. ముందు జాతకం చదివించుకునేది. మంచి మాట వస్తే ఆ టికెట్టు పర్సులో దాచుకునేది. అందులో ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది, అంచులు మెత్తబడి, అంకె చెరిగిపోయి. మీ ఇళ్లలోనూ ఉంటే దయచేసి పారేయకండి.