ముల్లు ఊగితే థర్మోస్టాట్ పీకేయడం వైద్యం కాదు

డీజిల్ పికప్‌లో టెంపరేచర్ ముల్లు కుదురుగా ఉండట్లేదని ఎవరైనా అనగానే పక్కనుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "థర్మోస్టాట్ పీకేయండి, పీడ పోతుంది." పోదండీ. ఇక్కడ తగ్గినట్టు కనిపించి ఇంకోచోట లేస్తుంది. ఈ సలహా ఆగేదాకా ఎన్నిసార్లయినా ఇదే రాస్తాను.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు. దాని లోపల మైనం గుళిక ఉంటుంది. వేడికి ఆ మైనం కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది. బండిని బట్టి 76 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది, ఇంకో 12–15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. ఎక్కడ తెరుచుకోవాలో చాలావాటి మీద అంకె కొట్టే ఉంటుంది. పీకేసేవాళ్లు గమనించని సంగతి ఇంకొకటుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో దీని అడుగున రెండో బిళ్ల ఒకటి ఉంటుంది. పై వాల్వు తెరుచుకునే కొద్దీ ఆ బిళ్ల బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం తీసేశారనుకోండి, బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది. ఖాళీ బండి అతి చల్లగా నడుస్తుంది, లోడుతో ఘాట్ ఎక్కితే మునుపటికంటే ఎక్కువ కాగుతుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లలో కూలెంట్ తగినంత వేడెక్కకపోతే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఆ మసిని కాల్చేసే రీజెనరేషన్‌కి ఒప్పుకోదు, మసి పేరుకుపోతుంది. డీజిల్ ఖర్చు పెరుగుతుంది, చల్లటి ఇంజిన్‌లో సిలిండర్ బోరు అరుగుదలా పెరుగుతుంది.

అనుమానముంటే పరీక్షించడం ఎంతసేపు? థర్మోస్టాట్‌ను దారంతో గిన్నెలో వేలాడదీయండి, అడుగుకు తగలనివ్వొద్దు. పక్కన థర్మామీటర్ పెట్టి నీళ్లు మెల్లగా కాచండి. రాసి ఉన్న వేడికి రెండు డిగ్రీలు అటూ ఇటుగా కదలాలి, నీళ్లు మరిగే దగ్గరికి వచ్చేసరికి 8 మిల్లీమీటర్లో ఆ పైనో లేవాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. బండి మీదే చూడాలంటే పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టండి. చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే వాల్వు పనిచేస్తున్నట్టే. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మొదలై నెమ్మదిగా పెరిగిందా, అది తెరుచుకున్నచోటే ఇరుక్కుపోయింది.

దానికంటే ముందు, ముల్లును నమ్మకండి. ఇప్పటి చాలా బండ్లలో ముల్లును నడిపేది ఈసీయూ. కంగారు పెట్టకూడదని దాదాపు 75 నుంచి 105 డిగ్రీల దాకా ముల్లును నడిమధ్యే కట్టేసి ఉంచుతారు. అలాంటి గేజ్‌లో ముల్లు కదిలిందంటే లోపల విషయం అప్పటికే ముదిరిందని. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టి కూలెంట్ టెంపరేచర్ అంకె చూడండి. అంకె నిలకడగా ఉండి ముల్లు మాత్రమే గెంతుతుంటే లోపం కరెంటులో ఉంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయగానే ముల్లు జరిగితే ఎర్త్ వైరు చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్లాకుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. సెన్సర్ విషయానికొస్తే చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర 2–3 కిలో ఓమ్స్, 80 దగ్గర 300 ఓమ్స్ చుట్టుపక్కల ఉండాలి, మధ్యలో ఎక్కడా తెగిపోకుండా జారాలి. అరసెకనులో 88 నుంచి 110కి ఎగబాకి మళ్లీ 88కి వచ్చేది వేడి కాదు. అంత నీరు అంత త్వరగా కాగదు, చల్లారదు. సెన్సర్ కనెక్టర్‌లో పచ్చటి తుప్పు వెతకండి.

ఇంకో మాట. కొంత ఊగడం సహజం. బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగే ఐడిల్‌లో డీజిల్ ఇచ్చే వేడే తక్కువ. పల్లంలో కాలు తీసి దిగుతుంటే 5–8 డిగ్రీలు పడిపోతుంది, లోడుతో ఎక్కుతుంటే అంతే లేస్తుంది. దీనికి మందు వేయక్కర్లేదు.

అసలు ఊగుడని తేలాక అడగాల్సిన ప్రశ్న "ఏ పార్టు మార్చాలి" కాదు, "ఎప్పుడు పెరుగుతోంది?" అని. నిలబడ్డప్పుడూ నెమ్మదిగా పాకేటప్పుడూ పెరిగి, వేగం అందుకోగానే తగ్గితే గాలి చాలట్లేదు, ఫ్యాన్ వైపు వెళ్లండి. బెల్టుతో తిరిగే ఫ్యాన్‌కు మధ్యలో సిలికాన్ నూనె నిండిన విస్కస్ క్లచ్ ఉంటుంది. దాని ముందున్న బైమెటల్ చుట్టకు వేడి తగిలితే క్లచ్ బిగుసుకుని ఫ్యాన్ హోరెత్తాలి. వేడి ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, ఫ్యాన్‌ను చేత్తో విసిరితే బరువుగా తిరిగి ఆగిపోవాలి. గిర్రున రెండు చుట్లు తిరిగితే క్లచ్ పని అయిపోయింది. క్లచ్ చుట్టూ జిడ్డు, దుమ్ము పేరుకుని ఉన్నా నూనె కారిపోయినట్టే. ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం (ష్రౌడ్) పగిలినా, రేడియేటర్ అంచుల రబ్బరు పట్టీలు ఊడినా, వెనక్కి వెళ్లిన వేడిగాలే తిరిగి ముందుకొచ్చి మళ్లీ రేడియేటర్‌లో దూరుతుంది. ఆ పట్టీలను లెక్కచేసేవాళ్లే కనపడరు!

వేగంలోనూ ఎత్తు ఎక్కేటప్పుడూ పెరిగి, నిలబెడితే తగ్గితే అది రేడియేటర్ సామర్థ్యమో నీటి ప్రవాహమో. పికప్‌లో ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ చాలావరకు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ మెరుస్తుంది, దాని వెనక సందులో మట్టి, పురుగులు దట్టంగా పేరుకుని ఉంటాయి. పైన బిగింపులు వదులు చేసి సందు తెరిచి, ఇంజిన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే ఫిన్లు (పలుచటి రేకులు) వాలిపోతాయి. గ్రిల్ ముందు లైట్ల వరుస బిగించుకుని బండి వేడెక్కుతోందని బాధపడేవాళ్లు ముందు ఆ లైట్లు తీసి చూడండి. లోపలి అడ్డంకికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకి వేడి వరుసగా తగ్గాలి, నడుమ హఠాత్తుగా చల్లటి మచ్చ దొరికితే అక్కడి ట్యూబులు పూడుకున్నాయి. మెరిసే అల్యూమినియం మీద ఆ తుపాకీలాంటి థర్మామీటర్ తప్పు అంకె చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. కింది హోస్ పంపు పీల్చే వైపు హోస్ కాబట్టి, పాతబడి మెత్తబడితే ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో లోపలికి నొక్కుకుపోయి నీటిని ఆపేస్తుంది. ఐడిల్‌లో చూస్తే నిండుగా కనిపించి మోసం చేస్తుంది.

ఇక అందరూ భయపడేది, తప్పుగా తేల్చేది కూడా ఇక్కడే. బయట చుక్క కారట్లేదు, కూలెంట్ తగ్గుతోంది, ముల్లు ఊగుతోంది, హీటర్ ఒకసారి వేడి ఒకసారి చల్లటి గాలి ఇస్తోంది. అంటే లోపల గాలో, మండిన గ్యాసో తిరుగుతోంది. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున స్టార్ట్ చేయండి. ఒకటి రెండు నిమిషాల్లో, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే పై హోస్ రాయిలా గట్టిపడితే అది ఆవిరి ఒత్తిడి కాదు, గ్యాస్. వెంటనే "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని, అంటే ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు చెడిందని, హెడ్ దించేస్తారు. ఆగండి! ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచేది) పగిలినా సరిగ్గా ఇవే లక్షణాలు. ముందు ఈజీఆర్ కూలర్ కూలెంట్ హోసులు రెండూ విప్పి, వాటిని ఒకదానికొకటి కలిపి, కూలర్‌ను సర్క్యూట్ నుంచి తప్పించి అదే పరీక్ష మళ్లీ చేయండి. ఇది పరీక్ష కోసం కొద్ది నిమిషాలే, అలా బండి తోలొద్దు. హోస్ మెత్తగా ఉంటే దోషి కూలరే. అప్పటికీ గట్టిపడితే ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ టాప్‌కు (వాల్వులు మూసుకుని పిస్టన్ పైకొచ్చే చోటుకు) తెచ్చి గాలి ఎక్కించి, రేడియేటర్ మూతి దగ్గర బుడగలు చూడండి. ఏ సిలిండరో అక్కడే తెలిసిపోతుంది.

రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ట్యూబులోని నీలం ద్రవంలోంచి పీల్చి, అది పసుపుగా మారిందా అని చూసే గ్యాస్ పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఐడిల్‌లో డీజిల్ చాలా ఎక్కువ గాలితో కొద్ది ఇంధనాన్నే మండిస్తుంది, కాబట్టి పొగలో కార్బన్ డయాక్సైడ్ పలుచగా ఉంటుంది. ఐడిల్‌లో రంగు మారలేదని గ్యాస్కెట్‌కు క్లీన్ చిట్ ఇవ్వకండి. లోడు మీద నడిపి వచ్చాక చూడాలి, ట్యూబులోకి కూలెంట్ పీల్చకుండా చూడాలి. పొద్దున స్టార్టర్ ఒక్కసారి టక్కుమని ఆగిపోతే మళ్లీ మళ్లీ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్లో ప్లగ్గులు విప్పి చూసుకోండి.

ప్రెజర్ క్యాప్, అంటే రేడియేటర్ మూత, చిన్నదే, కానీ 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) క్యాప్ సరిగ్గా పట్టి ఉంచితే నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ సుమారు 129 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగ్ బలహీనపడితే 107 దగ్గరే మరిగి బుడగలు పుడతాయి, ముల్లు ఊగుతుంది. టెస్టర్‌తో క్యాప్‌నూ సిస్టమ్‌నూ విడివిడిగా పరీక్షించండి, సిస్టమ్ 10–15 నిమిషాలు ఒత్తిడి నిలబెట్టుకోవాలి. వేడిమీద మూత తిప్పొద్దు, కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయొద్దు, హెడ్ చీలుతుంది.

ఏ పని చేయించినా చివర్లో గాలి తీయడం దగ్గర తొందరపడతారు. థర్మోస్టాట్‌కు ఉండే చిన్న ఊగే పిన్ను నిలువుగా బిగించేచోట పైవైపుకే రావాలి, లేకపోతే దాని వెనక గాలి చిక్కుకుంటుంది. బండి ముక్కు ఎత్తుగా నిలిపి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, బ్లీడ్ స్క్రూ తెరిచి బుడగలు లేని ధార వచ్చేదాకా నెమ్మదిగా పోయండి. పై హోస్ వేడెక్కేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి లెవెల్ చూసి నింపండి. రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారేదాకా మిగిలిన బుడగలు బయటికొస్తూనే ఉంటాయి. లెవెల్ చూసుకుంటూ ఉండండి. ఈలోగా ముల్లు కాస్త కదిలిందని ఎవరైనా స్పానర్ పట్టుకుని థర్మోస్టాట్ హౌసింగ్ వైపు వస్తే, దయచేసి చెయ్యి అడ్డం పెట్టండి.