వంద కిలోమీటర్ల మడత సైకిల్: ఒకదానితో ఒకటి పొసగని హామీలు

కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లోనూ వీడియోల్లోనూ ఒక కొత్త మడత ఎలక్ట్రిక్ సైకిల్ గురించిన సందేశం విరివిగా తిరుగుతోంది. ఒక్కసారి ఛార్జ్ చేస్తే 100 కిలోమీటర్లు పోతుందని, గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని, బరువు 12 కిలోలేనని, పది సెకన్లలో మడత పడుతుందని, తొక్కుతుంటే దానంతటదే ఛార్జ్ అవుతుందని, లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదని, మడిచి విమానంలో కూడా తీసుకుపోవచ్చని అందులో ఉంది. మడత ఎలక్ట్రిక్ సైకిల్ మంచి వాహనమని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఆఫీసుకు ఉండే మూడు నాలుగు కిలోమీటర్లకు దానికి సాటి వచ్చేవి తక్కువ. సరిగ్గా అందుకే ఈ ప్రచారాన్ని చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. ఇలాంటి మాటలు నమ్మి డబ్బు పెట్టినవారు ఆ సైకిల్‌నే కాదు, ఆ తరహా వాహనాలన్నిటినీ మోసమనుకుంటారు.

ముందు దూరం సంగతి చూద్దాం. ఆ సందేశంతో వచ్చే వివరాల పట్టికలోనే బ్యాటరీ 36 వోల్టులు, 7.8 ఆంపియర్ అవర్లు అని ఉంది. రెండింటినీ గుణిస్తే దాదాపు 280 వాట్ అవర్లు వస్తాయి. బండి దగ్గరున్న శక్తి మొత్తం అంతే. మనిషి, సైకిల్, సంచీ కలిపి 100 కిలోలనుకుంటే, చదునైన తారు రోడ్డు మీద, ఎదురుగాలి లేనప్పుడు, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోవడానికి టైర్ల రాపిడికీ గాలి నిరోధానికీ కలిపి సుమారు 20 న్యూటన్ల బలం కావాలి. మోటారులోనూ, దానికి కరెంటును అదుపు చేసి అందించే కంట్రోలర్‌లోనూ వృథా అయ్యేది కలుపుకుంటే కిలోమీటరుకు ఏడు వాట్ అవర్లకు పైగా ఖర్చవుతుంది. అంటే తొక్కకుండా మోటారు మీదే పోతే 40 కిలోమీటర్లు కూడా రావు. సిగ్నళ్ల దగ్గర ఆగి మళ్లీ కదలడం, ఫ్లైఓవర్లు ఎక్కడం కూడా లెక్కలోకి తీసుకుంటే 25, 30 కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. ఇదే బ్యాటరీతో 100 కిలోమీటర్లు పోవడం అసాధ్యమేమీ కాదు. అయితే అప్పుడు శ్రమలో 60 శాతం దాకా తొక్కేవారి కాళ్లే భరించాలి. ఆ షరతు చెప్పకుండా అంకెను మాత్రం చెప్పడం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే.

ఇక 40 కిలోమీటర్ల వేగం. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. పై లెక్క ప్రకారమే గంటకు 40 కిలోమీటర్ల దగ్గర కావలసిన బలం 50 న్యూటన్లు, చక్రం దగ్గర కావలసిన శక్తి 550 వాట్ల పైమాట. పట్టికలో చెప్పిన మోటారు 250 వాట్లది. ఒకవేళ ఆ మోటారు కొద్దిసేపు అంత శక్తి ఇచ్చినా కిలోమీటరుకు 19 వాట్ అవర్లు పోతాయి గనుక 15 కిలోమీటర్లకే బ్యాటరీ అయిపోతుంది. 100 కిలోమీటర్ల దూరం, 40 కిలోమీటర్ల వేగం ఒకే బ్యాటరీ నుంచి ఒకే ప్రయాణంలో రావని తేల్చడానికి ఈ గుణకారం చాలు.

లైసెన్సు అక్కర్లేదన్న మాటకూ ఈ వేగంతోనే చిక్కు. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఎలక్ట్రిక్ సైకిళ్లకు మినహాయింపు ఇస్తున్న మాట నిజమే, కానీ అది షరతులతో కూడినది. మోటారు 30 నిమిషాల పాటు నిలకడగా ఇవ్వగలిగిన శక్తి 250 వాట్ల లోపు ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్లు చేరేసరికి మోటారు సాయం క్రమంగా తగ్గి ఆగిపోవాలి; తొక్కడం ఆపితే అంతకుముందే ఆగాలి. తొక్కకుండా థ్రాటిల్ (చేతి యాక్సిలరేటర్) మీద నడిచేవాటికి విడిగా వేగం, బరువు షరతులున్నాయి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరణ కూడా ఉండాలి. గంటకు 40 కిలోమీటర్లు పోయే బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు, హెల్మెట్ అన్నీ కావాలి. ఇంకా లైసెన్సు వయసు రాని పిల్లలకు ట్యూషన్‌కు వెళ్లిరావడానికి పనికొస్తుందని కొంటున్న తల్లిదండ్రులు ఈ ఒక్క విషయమైనా తెలుసుకోవాలి. రేపు ఎవరికైనా తగిలితే బాధ్యత పడేది సందేశం పంపినవారి మీద కాదు, తమ మీదే.

బరువు విషయంలో పేరున్న సంస్థల అంకెలు చూస్తే నిజం తెలుస్తుంది. లండన్‌కు చెందిన బ్రాంప్టన్ దశాబ్దాలుగా మడత సైకిళ్లే తయారు చేస్తోంది. 300 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్న దాని ఎలక్ట్రిక్ సీ లైన్ మోడల్ బరువు దాదాపు 17 కిలోలు. హోండా 2023లో అమెరికాలో ప్రకటించిన మడత స్కూటర్ మోటోకాంపాక్టో దాదాపు 19 కిలోలు తూగుతుంది. సంస్థ చెప్పుకున్న గరిష్ఠ దూరం సుమారు 19 కిలోమీటర్లు, వేగం 24. కార్బన్ ఫైబర్ ఫ్రేము, చిన్న బ్యాటరీ పెడితే 12 కిలోలకు తేవచ్చు, కాకపోతే ధర చాలా పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. చౌక సైకిల్‌కు 12 కిలోలని రాస్తే అది బ్యాటరీ తీసేసి తూచిన బరువేమోనని అడిగి తెలుసుకోవాలి. మడత సైకిల్‌కు ఈ తేడా చిన్నది కాదు. మెట్లెక్కించేటప్పుడు అయిదు కిలోలు ఎక్కువైతే చెయ్యి మార్చుకోవాల్సిందే.

పది సెకన్లలో మడత పడుతుందన్న మాటతో నాకు పేచీ లేదు, పడవచ్చు. నేను చూసేది ఆ మడత బందు ఎంత కాలం బిగువుగా ఉంటుందన్నది. ఫ్రేము మధ్య బందు మీద ప్రతి గుంతకూ బరువు పడుతుంది. పదహారు అంగుళాల చక్రం పెద్ద చక్రం కన్నా గుంతలోకి లోతుగా దిగుతుంది కాబట్టి దెబ్బ కూడా గట్టిగానే తగులుతుంది. దుకాణంలో ముందు బ్రేకు నొక్కిపట్టి హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. బందు దగ్గర వేలు ఆనిస్తే ఏ కొంచెం కదలిక ఉన్నా తెలుస్తుంది. లివర్ పొరపాటున తెరుచుకోకుండా రెండో గొళ్లెం ఉందో లేదో, వెల్డింగ్ పక్కన పెయింటు సన్నగా చీలిందో లేదో కూడా చూడాలి. ప్రచార వీడియోల్లో ఈ భాగాన్ని దగ్గరగా చూపించింది నాకు కనిపించలేదు.

తొక్కుతుంటే ఛార్జ్ అవుతుందన్న మాట అన్నిటికన్నా ఆకర్షణీయమైనది, అన్నిటికన్నా బలహీనమైనది. మామూలు ఆరోగ్యవంతుడు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగిన శక్తి 75 నుంచి 100 వాట్లు. ఆ శక్తి అంతా బ్యాటరీకే పోతే బండి కదలదు. బండి కదిలితే బ్యాటరీకి మిగిలేది లేదు. కొన్ని మోటార్లు బ్రేకు వేసినప్పుడు కొంత శక్తిని తిరిగి పట్టే మాట నిజమే. అయితే 100 కిలోల బరువు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఉండే గతిశక్తి ఒక వాట్ అవర్‌లో మూడింట రెండు వంతులు మాత్రమే. అందులో సగం తిరిగి వచ్చినా యాభై మీటర్లు కూడా పోలేము. పైగా చిన్న సైకిళ్లలో సాధారణంగా పెట్టే గేర్ల హబ్ మోటారులో (చక్రం ఇరుసు దగ్గర ఉండేది) ఫ్రీవీల్ ఉంటుంది, అంటే చక్రం మోటారును తిప్పకుండా స్వేచ్ఛగా ముందుకు తిరుగుతుంది గనుక ఆ కొంచెం కూడా వెనక్కి రాదు.

విమానం సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. ప్రయాణికుల సామానులో 100 వాట్ అవర్ల లోపు లిథియం బ్యాటరీలకు సాధారణంగా అనుమతి ఉంటుంది, 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి, ఆ పైన అనుమతి లేదు. మన బ్యాటరీ 280.

ఈ సందేశం అసలు ఎత్తనిదే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: బ్యాటరీ భద్రత. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. స్కూటర్లకు ఆ తర్వాత బ్యాటరీ పరీక్షలు కఠినమయ్యాయి. మోటారు వాహనం కాదన్న మినహాయింపుతో అమ్ముడుపోయే సైకిల్‌కు ఆ పరీక్షలు జరిగాయని అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి బ్యాటరీ ఏ ప్రమాణానికి పరీక్షించినదో, అందులోని సెల్స్ ఎవరివో, ఛార్జర్ దానితో వచ్చినదేనో అమ్మేవారు కాగితం మీద చూపించాలి. చూపించలేకపోతే ధర ఎంత తక్కువైనా దాన్ని రాత్రిపూట పడకగదిలో ఛార్జింగ్ పెట్టే సాహసం చేయకండి.