దొర మంచివాడే, మరి జీతం సంగతేంటి?

టీవీ డ్రామాలో రాజకీయం వెతికేవాళ్లు ఎక్కువగా డైలాగుల దగ్గరే ఆగిపోతారు. ఏ పాత్ర ఏ పార్టీ మాట మాట్లాడింది, ఏ నాయకుణ్ణి ఎద్దేవా చేసింది అని లెక్కలు తీస్తారు. నన్నడిగితే అక్కడ దొరికేది తక్కువ. చూసేవాళ్లు ఎవరి కోసం టెన్షన్ పడేలా కథ అల్లారు, చిక్కుముడిని చివరికి ఎవరి చేత విప్పించారు అన్నది గమనిస్తే ఆ డ్రామా ఎవరి పక్షమో తెలిసిపోతుంది.

బ్రిటన్‌లో 2010 నుంచి 2015 దాకా ఐటీవీ ఛానల్లో వచ్చిన ‘డౌన్‌టన్ ఆబీ’ సిరీస్‌నే తీసుకోండి. 1912లో టైటానిక్ మునిగిందన్న వార్తతో కథ మొదలవుతుంది. మేడమీద ఎర్ల్ (బ్రిటిష్ ప్రభువు) కుటుంబం, కింద వంటవాళ్లూ పనివాళ్లూ. సీన్లు రెండు వైపులకీ దండిగానే ఇచ్చారు కాబట్టి వర్గ భేదాల గురించి నిజాయతీగా తీసిన కథ అని చాలామందికి అనిపించింది. కానీ సీజన్లు మారినా మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టే ప్రశ్న ఒక్కటే: ఎస్టేటు నిలబడుతుందా, లేదా? భార్య తెచ్చిన ఆస్తిని ఎర్ల్ కెనడా రైల్వే షేర్లలో పోగొట్టుకుంటే మనకు గుండె దడ. వంటమనిషి మిసెస్ ప్యాట్‌మోర్‌కు చూపు మందగించినప్పుడు మాత్రం ఆ ఆందోళన ఎక్కువసేపు నిలవదు. దొరగారే ఆమెను లండన్ పంపి ఆపరేషన్ చేయిస్తారు. ఆయన పంపకపోతే ఆమె గతేమిటన్నది కథకు పట్టదు.

అసలు చరిత్రలో ఆ రోజుల్లోనే దీని మీద పెద్ద గొడవ నడిచింది. 1911లో బ్రిటిష్ పార్లమెంటు నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం చేసి, ఇళ్లలో పనిచేసేవాళ్లనూ అందులో చేర్చింది. జబ్బు చేస్తే డాక్టరు, పనికి రాలేని రోజుల్లో కొంత భృతి. దానికోసం పనిమనిషి వంతు, యజమాని వంతు కలిపి కార్డు మీద స్టాంపులు అంటించాలి. ఇదేం చోద్యమని పెద్దింటి ఆడవాళ్లు లండన్ ఆల్బర్ట్ హాల్లో నిరసన సభే పెట్టారు. దొర దయకూ పనిమనిషి హక్కుకూ మధ్య జరిగిన ఈ పేచీ ఎంత మంచి డ్రామా అయ్యేదో! సిరీస్‌కు దయ చాలింది.

ఇందులో నాకు అన్నిటికన్నా తెలివైన పాత్ర అనిపించేది టామ్ బ్రాన్సన్. ఐర్లండ్ నుంచి వచ్చిన కారు డ్రైవరు, బాహాటంగా సోషలిస్టు. ఎర్ల్ చిన్న కూతుర్ని పెళ్లి చేసుకుంటాడు. తర్వాత ఐర్లండ్‌లో ఒక ప్రభువు భవంతి తగలబడుతుంటే అక్కడే ఉండి, ఆ కుటుంబాన్ని చూసి జాలిపడతాడు. మూడో సీజన్‌లో మామగారి ఎస్టేటుకు మేనేజరవుతాడు. అతని వాదనను ఎవరూ ఓడించలేదు, భోజనాల బల్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారంతే. అతని మాటల మీద వేటు పడలేదు కాబట్టి రచయితను పక్షపాతి అనడానికీ వీల్లేదు.

ధనవంతుల్ని చెడ్డవాళ్లుగా చూపిస్తే లెక్క సరిపోతుందా? అదీ అంత సులువు కాదు. 2018 నుంచి 2023 దాకా హెచ్‌బీవోలో నడిచిన ‘సక్సెషన్’ మీడియా అధిపతి కుటుంబాన్ని ఉతికి ఆరేసింది. మొదటి సీజన్ చివర్లో పెద్దింటి కొడుకు కారు నీళ్లలో పడి పక్కనున్న వెయిటర్ కుర్రాడు చచ్చిపోతాడు. ఆ చావు అక్కణ్నుంచి తండ్రి చేతిలో కొడుకును ఆడించే పగ్గమవుతుంది. రెండో సీజన్‌లో ఆ కంపెనీ నౌకల విభాగం ఫైళ్లలో, లెక్కలోకి రాని మనుషుల చావుల పక్కన రాసుకునే ఒక కోడ్ బయటపడుతుంది: ‘నో రియల్ పర్సన్ ఇన్వాల్వ్డ్’. తండ్రి చివరికి ఆ వెయిటర్ గురించీ అదే మాట అంటాడు. ఇంత పదునుగా రాసినవాళ్లు కూడా కెమెరాను ఆ కుర్రాడి ఇంట్లో ఎక్కువసేపు నిలపలేదు. మన దృష్టంతా అపరాధ భావంతో కుమిలే కోటీశ్వరుడి మీదే.

పేదల కథల సంగతి వేరు. అక్కడ ఎక్కువగా దొరికేది ఎదుగుదల. 1969లో పెరూలో వచ్చిన ‘సింప్లెమెంటే మరియా’లో పల్లె నుంచి వచ్చిన పనిపిల్ల రాత్రిళ్లు కుట్టు నేర్చుకుని ఫ్యాషన్ డిజైనర్ అవుతుంది. లాటిన్ అమెరికా ఊగిపోయింది. కుట్టు మిషన్ల అమ్మకాలు పెరిగాయి, కుట్టు క్లాసులకు ఆడపిల్లలు క్యూ కట్టారు. మెక్సికోలో టీవీ నిర్మాత మిగెల్ సబీదో దీన్ని చూసే చదువు, కుటుంబ నియంత్రణ చెప్పే సీరియళ్లు తీశాడు. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన ‘హమ్ లోగ్’ కూడా ఆ బాటలోదే. వీటివల్ల మేలు జరగలేదని నేననను. కాకపోతే మరియా మిషన్ కొనుక్కుని బయటపడింది, ఆమె వదిలేసిన పనిలో చేరిన పిల్లకు జీతం ఎంతన్నది ఎవరికీ పట్టలేదు.

రాజకీయ డ్రామాలకొస్తే ఈ కిటుకు ఇంకా బాగా కనిపిస్తుంది. 2015లో ఉక్రెయిన్‌లో మొదలైన ‘సర్వెంట్ ఆఫ్ ద పీపుల్’లో అమ్మానాన్నలతో ఉండే చరిత్ర టీచరు అవినీతి మీద తిట్ల దండకం ఎత్తుకుంటాడు. విద్యార్థి తీసిన ఆ వీడియో వైరలై మాస్టారు ఏకంగా దేశాధ్యక్షుడవుతాడు. ఆ పాత్ర వేసిన జెలెన్‌స్కీ 2019లో 73 శాతం ఓట్లతో నిజంగానే అధ్యక్షుడయ్యాడు, ఆయన పార్టీ పేరు కూడా సిరీస్ పేరే. కుబేరుల మీద దుమ్మెత్తిపోసిన ఆ సిరీస్ వచ్చింది కొలొమోయ్‌స్కీ అనే కుబేరుడి ఛానల్లో! ఆయనకు అందులో భయపడాల్సిందేమీ కనిపించలేదనుకోవాలి.

2017లో చైనాలో ‘ఇన్ ద నేమ్ ఆఫ్ పీపుల్’ వచ్చింది. అక్కడి సుప్రీం ప్రొక్యురేటరేట్ (నేరాల మీద కేసులు నడిపే అత్యున్నత ప్రభుత్వ సంస్థ) అండతో తీసిన అవినీతి వ్యతిరేక సిరీస్. మొదట్లోనే ఒక అధికారి దొరుకుతాడు. పాత అపార్ట్‌మెంట్లో నూడుల్స్ తింటూ బీద అరుపులు అరుస్తాడు. అతని విల్లా తలుపులు తీస్తే ఫ్రిజ్‌లో, మంచం మీద, గోడ నిండా నోట్ల కట్టలు. మోకాళ్ల మీద పడి ఏడుస్తాడు: మాది తరతరాల రైతు కుటుంబం, పేదరికమంటే భయం, ఒక్క నోటూ ఖర్చు పెట్టలేదు అని. వర్గం అనేది ఒక మనిషి ఒంట్లో భయంగా ఎలా మిగిలిపోతుందో చూపించిన గొప్ప సీన్ అది. కానీ సిరీస్ అక్కడ ఎక్కువసేపు ఆగదు. అతణ్ణి జీపెక్కించి ముందుకెళ్లిపోతుంది.

ఒకటి ఎన్నికలున్న దేశం, ఇంకొకటి ఒకే పార్టీ ఏలే దేశం. కథ మాత్రం ఒక్కటే: వ్యవస్థ బాగానే ఉంది, దాన్ని పాడుచేసిన దొంగల్ని నిజాయతీపరుడు ఏరేస్తే చాలు. భూమి ఎవరిది, పన్ను ఎవరు కట్టాలి అన్న తగాదాల్లోకి దిగితే ప్రేక్షకులు రెండుగా చీలిపోతారు. దొంగను పట్టుకుంటే అందరూ చప్పట్లు కొడతారు.

చూసేవాళ్లు మట్టిబుర్రలేం కారు, నిజమే. 1971లో అమెరికాలో మొదలైన కామెడీ ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’లో ఆర్చీ బంకర్ అనే కార్మికుడి జాతి దురభిమానాన్ని ఎగతాళి చేయాలనుకున్నారు. 1974లో విడ్మార్, రోకీచ్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, అలాంటి దురభిమానం బలంగా ఉన్నవాళ్లకు ఆర్చీయే నచ్చాడు, వాదనలో అతనే నెగ్గుతున్నట్టు కనిపించాడు. వెటకారంతో సిద్ధాంతాలు మారవని రచయితలు అప్పుడే తెలుసుకోవాల్సింది.

దొంగను ఏరేస్తే చాలనే కథలకు ఎదురు నిలిచే ఉదాహరణగా అందరూ చెప్పే అమెరికా సిరీస్ ‘ది వైర్’ (2002–2008) పేరు నేనూ చెప్పక తప్పదు. రెండో సీజన్‌లో బాల్టిమోర్ రేవు కార్మికుల యూనియన్ నాయకుడు స్మగ్లర్ల డబ్బు తీసుకుంటాడు. సొంతానికి కాదు. కాలువ పూడిక తీయించి, ధాన్యం రేవు తెరిపించమని రాజకీయ నాయకులకు ముట్టజెప్పడానికి. చివరికి ఆ ధాన్యం రేవు స్థలంలో ఖరీదైన ఫ్లాట్లు లేస్తాయి. ఇక్కడ మంచోడు, చెడ్డోడు అన్న తూకం పనికిరాదు. పని పోవడమే కథ.

ఒక మనిషి బాధ చూపించకుండా డ్రామా ఎలా నడుస్తుందని ఎవరైనా అడగొచ్చు. 2024 జనవరిలో ఐటీవీలో వచ్చిన ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ద పోస్టాఫీస్’ చూడమంటాను. తప్పుడు లెక్కలు చూపించిన పోస్టాఫీసుల హొరైజన్ కంప్యూటర్ వ్యవస్థను నమ్మి, 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లను (ఊళ్లలో చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లను) దొంగలుగా నిలబెట్టిన కేసు. పత్రికలు 2009 నుంచే రాస్తున్నాయి, విచారణ సంఘం కూడా నడుస్తోంది. నాలుగు ఎపిసోడ్ల డ్రామా వచ్చాకే ప్రభుత్వం ఉరుకులు పరుగులు పెట్టింది. మే నెలలో ఆ శిక్షల్ని కొట్టేస్తూ చట్టం వచ్చింది. వాళ్లు ఊళ్లో పరువున్న మనుషులు కావడం కూడా కలిసొచ్చింది, ఒప్పుకోవాలి. అయితే ఈ కథను నడిపింది ఒక మంచి దొరో, ఒక నిజాయతీ అధికారో కాదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ‘ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది’ అన్న జవాబే దొరికేది. ఆ మాట అబద్ధమని ఒక పల్లెటూరి హాల్లో నలుగురూ కలిసి కూర్చున్నాక తెలిసింది. కోర్టుకెక్కేనాటికి వాళ్లు 555 మంది.