ఈస్ట్ లేని బన్నులు చేసుకోండి, కుక్కర్‌కి మాత్రం విజిల్ పెట్టకండి

మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. "ఈస్ట్ వల్ల క్యాన్సర్ వస్తుంది, బేకరీ బన్ను మానేయండి, మన కోనసీమ అమ్మమ్మల పద్ధతిలో కుక్కర్‌లో పది నిమిషాల్లో దూదిలాంటి బన్నులు చేసుకోండి, పదిమందికి పంపండి" అని. అమలాపురం పిన్ని పంపింది, స్కూలు స్నేహితులు పంపారు, పాలకొల్లు బావగారైతే రెండు గ్రూపుల్లోనూ పెట్టారు. అందరూ కావలసినవాళ్ళే కదా అని ఊరుకుంటూ వచ్చాను. నిన్న భీమవరం వదిన ఫోన్ చేసి "సాయంత్రం చేద్దామనుకుంటున్నాను, ఎన్ని విజిల్స్ రానివ్వాలి?" అని అడిగేసరికి ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు కుక్కర్ సంగతే చెప్పాలి. మిగతావి తప్పయితే పోయేది పిండే, ఇది తప్పయితే ఒళ్ళు కాలుతుంది. మెసేజ్ చెప్పేదేమిటంటే, కుక్కర్‌లో నీళ్ళు పోయకుండా స్టాండ్ పెట్టి, దాని మీద పిండి ఉండల గిన్నె పెట్టి, మూత బిగించి, విజిల్ పెట్టి పెద్ద మంట మీద ఉంచమని. లోపల నీళ్ళున్నంతసేపే కుక్కర్ వేడి 120 డిగ్రీల దగ్గర ఆగుతుంది, నీళ్ళు లేకపోతే అడుగు అలా కాలుతూనే పోతుంది. మూత రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది, కాలిన వాసన వస్తుంది, మూత మీది సేఫ్టీ వాల్వ్ వేడికి కరగడానికే పెట్టింది కాబట్టి కరిగిపోతుంది. మర్నాడు అదే రబ్బరుతో పప్పు పెడితే పక్కల నుంచి ఆవిరి చిమ్ముతుంది. ఇంకా భయం ఎక్కడంటే, మాడు వాసనకి కంగారుపడి మూత తీసి ఆ కాలిన అడుగులో చెంబెడు నీళ్ళు కుమ్మరిస్తారు, ఆ ఆవిరంతా ముఖానికే కొడుతుంది. కుక్కర్‌లో కేకు చేసేవాళ్ళు రబ్బరూ విజిలూ రెండూ తీసేసి సన్న మంట మీద చేస్తారు. మెసేజ్ రాసిన మహానుభావుడు సరిగ్గా ఆ రెండు ముక్కలే వదిలేశాడు! నన్నడిగితే అసలు కుక్కరే వద్దు. దళసరి అడుగున్న పాత గిన్నెలో వేలెడు మందాన ఉప్పో ఇసుకో పోసి, స్టాండ్ పెట్టి, మామూలు మూత వేసి పది నిమిషాలు వేడెక్కనివ్వండి, ఆ తర్వాత ఉండలు పెట్టి సన్న మంట మీద ఓ అరగంట ఉంచండి. పైన ఎర్రబడవు, దించాక పెనం మీద వెన్న రాసి తిరగేస్తే సరిపోతుంది.

ఇక ఈస్ట్, క్యాన్సర్. ఈ భయం ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించగలను. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు బ్రెడ్లు పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అనుమానం ఉన్న పొటాషియం బ్రోమేట్ లాంటివి బయటపడ్డాయి, ఆ ఏడాదే ప్రభుత్వం బ్రోమేట్‌ని నిషేధించింది. అది పిండికి కలిపే రసాయనం. ఈస్ట్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒకరి నేరానికి ఇంకొకరికి శిక్ష వేస్తే ఎలా? ఈస్ట్ "బతికున్న పురుగు, కార్తీకంలో తినకూడదు" అన్న ముక్క మరీ అన్యాయం. అది పుట్టగొడుగు జాతిది, పురుగు కాదు. తాటికల్లు కుండలో తెల్లగా పొంగే నురగ దాని పనే, పులిసిన ఇడ్లీ పిండిలోనూ ఎంతో కొంత ఉంటుంది. ఇంతకీ ఈ మెసేజే కింద "ఈస్ట్ బదులు పులిసిన ఇడ్లీ పిండి కలపండి" అంటోంది. పంపేముందు ఒక్కరైనా చివరిదాకా చదివారా?

రెండు కప్పుల మైదాకి రెండు టీస్పూన్ల వంటసోడా అట. బేకింగ్ పౌడర్‌కి చెప్పే కొలత సోడాకి తగిలించారు. పౌడర్‌లో పులుపు కూడా కలిసి ఉంటుంది, సోడాకి మనం బయటి నుంచి ఇవ్వాలి. ఆ పులుపు సోడాకి చాలకపోతే బన్ను సబ్బులా చేదెక్కుతుంది. నమ్మకపోతే ఆ పిండిలో చిటికెడు పసుపు కలిపి చూడండి, ఎర్రగా తిరుగుతుంది. టీస్పూన్ సోడాలో దాదాపు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, రోజంతటికీ 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మెసేజ్‌కి బీపీ మాత్రలు మింగే మా పిన్ని దండం పెట్టి మరీ ఫార్వర్డ్ చేసింది.

అరగంట మర్దించి రాత్రంతా నానబెట్టమన్నదీ తప్పే. పెరుగు తగలగానే సోడా పొంగడం మొదలవుతుంది, తెల్లారేదాకా ఆగితే ఆ గాలంతా పోయి రాళ్ళు మిగులుతాయి.

అమ్మమ్మల పద్ధతా? వాళ్ళు దిబ్బరొట్టె కాల్చారు, పనసాకుల్లో పొట్టిక్కలు వండారు. బన్నులు చేయలేదు. వాళ్ళ పేరు వాడుకోకండి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఈస్ట్ లేకుండా బన్ను రాదని కొట్టిపారేసేవాళ్ళదీ తప్పే, "పుల్ల పెరుగు వాడండి" అన్న మెసేజ్ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఐర్లండ్‌లో మజ్జిగా సోడాతో రొట్టె కాల్చుకోవడం 19వ శతాబ్దం నుంచీ ఉంది. రెండు కప్పుల మైదా, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ సోడా, అర టీస్పూన్ ఉప్పు, రెండు పెద్ద చెంచాల వెన్న, ముప్పావు కప్పు పుల్ల పెరుగు. పిండి చేతికి కాస్త అంటుకుంటూ ఉండగానే కలపడం ఆపేసి ఉండలు చేసి వెంటనే పెట్టేయాలి. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల్లో ఇరవై నిమిషాల లోపే అవుతాయి. మన వైపు వానాకాలం చెమ్మకి బేకింగ్ పౌడర్ గడ్డకట్టి సత్తువ పోతుంది, కాబట్టి ముందు చెంచాడు వేణ్ణీళ్ళలో వేసి బుస్సుమంటుందో లేదో చూడండి. బేకరీ బన్నులా పొరలుపొరలుగా సాగదు, పొడిపొడిగా విరుగుతుంది, కానీ వేడి మీద వెన్న రాసుకుంటే చాలా బాగుంటుంది. మర్నాటికి గట్టిపడిపోతుంది, ఆ పూటకి సరిపడానే చేసుకోండి.