సూది వెంట వచ్చిన క్రిమికి చిరునామా

2009లో అమెరికాలోని ఒహాయోలో ఒకే మత్తు వైద్యుడు సుమారు గంట తేడాతో ఇద్దరు గర్భిణులకు వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. 15 గంటల్లోపే ఇద్దరికీ మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) వచ్చింది. ఒకరు చనిపోయారు. ఇద్దరి వెన్నునీటిలో పెరిగిన స్ట్రెప్టోకాకస్ సలైవేరియస్ అనే బ్యాక్టీరియా దాదాపు ప్రతి మనిషి నోట్లోనూ ఉండేదే. వైద్యుడి నాలుక మీద నుంచి తీసిన స్వాబ్‌లోనూ అదే దొరికింది. డీఎన్‌ఏ నమూనాలను పక్కపక్కన పెడితే తేడా కనిపించలేదు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఆ వైద్యుడికి మాస్కు లేదు. వెన్నులో సూది వేసేవారు మాస్కు పెట్టుకోవాలని అమెరికా మార్గదర్శకాలు 2007లోనే చెప్పాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటిలో ఎక్కువ భాగం వెన్నుకు మత్తు ఇచ్చి చేసేవే. ఇక్కడ ఇలాంటి ఘటన జరిగితే మూలాన్ని పట్టుకోవడం కష్టమని మా అభిప్రాయం. అందుకు కారణం యంత్రాలు లేకపోవడం కాదు. హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ కోవిడ్ కాలంలో వైరస్ జన్యుక్రమాలను చదివి చూపించాయి. అసలు లోపం పోల్చడానికి బ్యాక్టీరియా మిగలకపోవడం.

ఆ బ్యాక్టీరియా చేజారే తొలి చోటు వార్డే. వెన్నుకు మత్తు ఇచ్చాక తలనొప్పి మామూలేనని సర్దిచెబుతారు. మామూలు తలనొప్పి సాధారణంగా ఒకటి రెండు రోజులకు మొదలై, కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. జ్వరం, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం తోడైతే వెంటనే రక్తం కల్చర్‌కు (క్రిమిని పెంచి చూసే పరీక్షకు) తీసుకోవాలి, వెన్నునీరు పరీక్షించాలి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. వెన్నునీరు తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే మందు ఆపకూడదు, కానీ రక్తం మాత్రం ముందే తీయాలి. మందు పడ్డాక తీసిన నమూనాలో క్రిమి చాలాసార్లు పెరగదు. డీఎన్‌ఏ ముక్కను గుర్తించే పీసీఆర్ పరీక్షతో దాని జాతి తెలియవచ్చు, ఏ నోటి నుంచి వచ్చిందో మాత్రం తెలియదు. వెన్నునీటిని ఫ్రిజ్‌లో పెట్టకుండా గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి.

రెండో చోటు ల్యాబ్. రక్తం కలిపిన అగర్ జెల్లీ ప్లేటు మీద కొన్నిసార్లు ఆకుపచ్చ వలయంతో పెరిగే ఈ స్ట్రెప్టోకాకస్‌ను చర్మం మీది మలినమని కొట్టిపారేస్తారు. వెన్నునీటిలో దొరికినదాన్ని అలా తీసేయడానికి ముందు ఇటీవల వెన్నులో సూది పడిందా అని వార్డును అడగాలి. ఆ తర్వాత ఒక్క కాలనీ (ప్లేటు మీద చుక్కలా పెరిగిన క్రిముల గుంపు) నుంచి పెంచిన శుద్ధ కల్చర్‌ను 15-20 శాతం గ్లిజరాల్ కలిపిన ద్రవంలో మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచాలి. ఒక చిన్న గొట్టం, ఒక లేబుల్, ఫ్రీజర్‌లో వేలెడంత చోటు చాలు. ప్లేటు ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్లాక, జన్యుక్రమం చదివే సీక్వెన్సర్ ఎంత ఖరీదైనది ఉన్నా చేసేదేమీ ఉండదు.

పోలికలోనూ జాగ్రత్త కావాలి. పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో డీఎన్‌ఏను ఎంజైమ్‌తో పెద్ద ముక్కలుగా కోసి, దిశ మారుతూ ఉండే విద్యుత్తులో దాదాపు ఒక రోజు నడిపి, గీతలు చూస్తారు. 1995లో వచ్చిన ప్రమాణం ప్రకారం గీతలన్నీ కలిస్తే ఒకే తెగ, ఏడు లేదా ఎక్కువ తేడాలుంటే సంబంధం లేదు. ఇప్పుడు జన్యుక్రమమంతా చదివి ఒక్కో అక్షరం తేడానూ లెక్కించవచ్చు. అయితే ఒకే నోట్లో ఈ క్రిమి తెగలు అనేకం ఉంటాయి. స్వాబ్ నుంచి ఒక్క కాలనీ తీసి ‘కలవలేదు’ అంటే అది నిర్దోషిత్వానికి రుజువు కాదు, పలు కాలనీలు చూడాలి. మరోవైపు, ఆసుపత్రుల్లో పాతుకుపోయిన క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా తెగలు కలిసినంత మాత్రాన ఫలానా గది నుంచే వచ్చాయని చెప్పలేం. సంబంధం లేని రోగుల నమూనాలనూ పక్కన పెట్టి చూడాలి. ఎవరు, ఏ గంటకు, ఏ బ్యాచ్ మందుతో, ఏ గదిలో అన్న రికార్డు లేకుండా గీతలు ఒంటరిగా ఏమీ చెప్పవు. తడి చోట్ల పెరిగే స్యూడోమొనాస్ అనే బ్యాక్టీరియా దొరికితే నోటికంటే ముందు ద్రవాలను, పరికరాలను, ఇద్దరికి పంచిన మందు సీసాను అనుమానించాలి.

రెండు ప్రభుత్వాలూ చేయాల్సింది స్పష్టం. వెన్నునీటిలో పెరిగిన ప్రతి బ్యాక్టీరియానూ కనీసం ఏడాది దాచాలని ప్రైవేటు ఆసుపత్రులతో సహా అందరికీ ఆదేశించాలి. జిల్లాల నుంచి వాటిని పంపడానికి ఒక ల్యాబ్‌ను నిర్దేశించి, రవాణా ఖర్చు తామే భరించాలి. ఒకే ఆసుపత్రిలో ఇలాంటి కేసులు రెండు కాగానే విచారణ మొదలవ్వాలి. స్వాబ్ ఇచ్చిన సిబ్బందికి శిక్ష భయం ఉండకూడదు. ఆ భయమే ఉంటే రెండో కేసు రికార్డుల్లోకే ఎక్కదు.