పేజీ తరలింపే పరమధర్మం

వికీ నడపడమంటే వ్యాసాలు రాయడమని కొత్తవాళ్ళు అపోహపడుతుంటారు. ఆ పని ఎవరైనా చేస్తారు. అసలు సేవంతా శీర్షికల్లో ఉంది.

ట్యాంక్‌బండ్ పేజీ ఉందనుకోండి. రెండు వాక్యాల మొలక, అంటే ఇంకా పెరగని వ్యాసం. పేరు విడదీసి రాయాలా, కలిపి రాయాలా తేలకుండా మూడో వాక్యం రాయడం బాధ్యతారాహిత్యం. కలిపితే 'క్' కింద 'బ' ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే అదృశ్య అక్షరం పెట్టాలి. మనకు కనబడకపోయినా సాఫ్ట్‌వేరుకి కనబడుతుంది. కాబట్టి అది ఉన్న పేరు ఒక పేజీ, లేని పేరు మరో పేజీ, ఖాళీ ఉన్నది ఇంకో పేజీ. ఇంత సారవంతమైన నేల ఎక్కడ దొరుకుతుంది?

ముందు ఖాళీ తీసేసి తరలించండి, అంటే పేజీకి కొత్త పేరు పెట్టండి. పాత పేరు దారిమార్పుగా, అంటే కొత్త పేజీకి పంపే గుర్తుగా మిగులుతుంది. మర్నాడు మరొకరు అదృశ్య అక్షరం చేర్చి మళ్ళీ తరలిస్తారు. ఇప్పుడు మొదటి పేరు రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని చూపిస్తాయి. వికీని నడిపే సాఫ్ట్‌వేరు, మీడియావికీ, ఒక్క మలుపే తిరుగుతుంది. రెండో మలుపులో, గల్లీలోకి రానని మొండికేసే ఆటోవాలాలా, పాఠకుణ్ణి అక్కడే దించేస్తుంది. పాత దారిమార్పు తెరిచి చివరి పేరు రాస్తే సరిపోతుంది, అర నిమిషం పని. అర నిమిషం పనులకు పతకాలు రావు కదా!

తరలింపు బొత్తం కూడా నొక్కకుండా పాఠ్యాన్ని కొత్త పేజీలో అతికించేవారు ఇంకా ఘనులు. పేజీ చరిత్ర, రాసినవాళ్ళ పేర్లతో సహా, పాత పేరు దగ్గరే ఉండిపోతుంది. కొత్త పేజీకి ఆది రచయిత తమరే. లైసెన్సు ప్రకారం అసలు రచయితలకు గుర్తింపు దక్కాలి గనక, ఆ రెండు చరిత్రల్నీ కలిపే భాగ్యం నిర్వాహకుడిది.

ఇక మూస, అంటే పేజీ నెత్తిన అంటించే తయారు నోటీసు. 1990లో హుస్సేన్ సాగర్‌లో మునిగిన బుద్ధ విగ్రహాన్ని 1992లో నిలబెట్టారు. ఈ ముక్కకి నాటి పత్రిక తేదీ, పేజీ సంఖ్య ఇవ్వాలంటే అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి పోవాలి, బండి ఎక్కడో ఆపుకోవాలి. 'మూలాలు లేవు' మూస అయితే కూర్చున్నచోటే అంటించేయవచ్చు. అంటించాక వెనుదిరిగి చూడకండి. మరీ మూలం కావాలంటే, వికీ నుంచే ఎత్తి రాసుకున్న ఏదో ఒక సైటు లింకు ఇవ్వండి.

ఎవరైనా మీ మార్పు తిరగ్గొడితే, అంటే రద్దుచేసి పాత పాఠ్యం తెస్తే, మీరూ తిరగ్గొట్టండి. దిద్దుబాటు సారాంశం మాత్రం ఖాళీగా ఉంచాలి, కారణం చెబితే చర్చ మొదలవుతుంది. ఆంగ్ల వికీపీడియాలోనైతే 24 గంటల్లో మూడు తిరగ్గొట్టుళ్ళు మించకూడదు. నాలుగోది 25వ గంటలో కొట్టండి. (ఈ తెలివి కూడా నేరమేనని ఆ నియమంలోనే ఉంది. అంతదూరం చదివేదెవరు?) చివరికి పేజీకి వారంపాటు సంరక్షణ, అంటే దిద్దుబాట్లకు తాళం, పడుతుంది. ఈలోగా ఊరికే కూర్చోకండి. పక్క పేజీ శీర్షిక అబిడ్సా, ఆబిడ్సా అన్నది ఇంకా తేలలేదు.